అడ్డపొగ

కుర్ర డాక్టరు అడిగినదానికి సన్యాసమ్మ అబద్ధం చెప్పింది. అబద్ధమని ఆమెకు తెలుసు, ఎదురుగా బల్ల మీద నోరు తెరుచుకుని కూర్చున్న అప్పలకొండమ్మకూ తెలుసు. తెలియనిది డాక్టరు ఒక్కడికే.

"బీడీ తాగుతుందా? సిగరెట్టు? జర్దా పాను?" అని అతను బెంగాలీలో వరసపెట్టి అడిగాడు. అంగిట్లో రూపాయి బిళ్ళంత పుండు ఎందుకొచ్చిందో అతనికి అంతు చిక్కలేదు. జర్దా నమిలేవాళ్ళకు బుగ్గలోపల వస్తుంది, నాలుక పక్కన వస్తుంది. సరిగ్గా నోటి కప్పులో ఇలా లేవడం అతను పుస్తకాల్లో చదివి ఉంటాడేమో గాని మనిషిలో చూడలేదు.

"అయ్యయ్యో, అలాంటి పాడు అలవాట్లేవీ లేవు డాక్టర్‌బాబూ!" అంది సన్యాసమ్మ, తడుముకోకుండా బెంగాలీలోనే.

ఇరవై ఎనిమిదేళ్ళుగా భవానీపూర్ రోడ్లు ఊడుస్తున్న మనిషి ఆవిడ. ఖిదిర్‌పూర్ ఓడల డాకు వెనకాల తెలుగువాళ్ళ గల్లీ మొత్తానికి బెంగాలీ మాట్లాడే నోరు ఆమెదే. రేషను కార్డులో పేరు తప్పు పడినా, బడిలో పిల్లను చేర్చుకోమన్నా, ఎర్రజెండా యూనియను ఆఫీసులో ఎవరితోనైనా పోట్లాడాలన్నా సన్యాసమ్మ ముందు నడవాలి, మిగతావాళ్ళు వెనక నిలబడి తలలూపాలి. అంచేత కేన్సరు ఆస్పత్రిలోనూ ఆమే ముందు నడిచింది, అప్పలకొండమ్మ తల ఊపింది.

ఎందుకు అబద్ధమాడావంటే ఆమె దగ్గర జవాబు ఉంది. చుట్ట సంగతి ఆడవాళ్ళ సంగతి. కొడుకు వయసున్న మగపిల్లాడి దగ్గర, అదీ తెల్లకోటు తొడుక్కున్న బాబు దగ్గర, దాని ఊసు ఎలా ఎత్తడం? పైగా దానికీ దీనికీ సంబంధమేమిటి? తనూ ఇన్నేళ్ళుగా తాగుతోంది, తనకేమైంది? ఇలా మనసుకు గట్టిగా సర్దిచెప్పుకుంది. మనసుకు అంత గట్టిగా సర్దిచెప్పాల్సి వచ్చిందంటే లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టే. ఆ ముల్లు జోలికి మాత్రం ఆమె పోలేదు.

అడ్డపొగ అంటే తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకుని, పెదాలు బిగించి పీలుస్తారు. శ్రీకాకుళం సముద్రపొడ్డున ఆడవాళ్ళకు ఇది తరాలనాటి అలవాటు. గాలికి ఆరదు, వానకు తడవదు, రెండు చేతులకూ పని చేసుకునే వీలుంటుంది, నిప్పు కనపడదు కనక ఎదుటివాళ్ళకు తెలియదు. నోరు కాలదా అని అడిగేవాళ్ళను చూసి వాళ్ళు నవ్వేవారు. షాలిమార్ గూడ్సు యార్డులో పనిచేసే పోలిరాజు నెలకోసారి ఊరి చుట్టల కట్టలు తెప్పించి గల్లీలో ఇంటింటికీ ఇచ్చేవాడు. ఆ రోజు గల్లీకి పండగే.

అప్పలకొండమ్మకు అడ్డపొగ నేర్పింది సన్యాసమ్మే.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. డాకులో మూటలు మోసే గురువులును పెళ్ళి చేసుకుని, వేలెడంత పిల్ల ఊరి నుంచి వచ్చింది. చీపురు చేతికిస్తే చేపల మార్కెట్టు దగ్గర మొదటి రోజే వాంతి. రెండో రోజూ అంతే. ఈ పిల్ల పనికిరాదు, రేపటినుంచి రావద్దని పని చేయించే సర్దారు చెప్పేశాడు. ఇంటికి పోతే తిండికి లేదు, ఇక్కడుంటే కడుపులో ఏదీ నిలవదు, ఆ పిల్ల ఫుట్‌పాతు మీద కూలబడి ఏడ్చింది. సన్యాసమ్మ తన నోట్లో చుట్ట తీసి, అటుది ఇటు తిప్పి, ఆ పిల్ల నోట్లో పెట్టింది.

"ఇది పీల్చవే గుంటా. ఇంక నీకు ఏ కంపూ తెలదు."

నిజంగానే తెలియలేదు. మూడో రోజు వాంతి లేదు, నాలుగో రోజు సర్దారు మాట్లాడలేదు. ఆ చీపురుతోనే అప్పలకొండమ్మ ఇల్లు నిలబెట్టింది, డాకులో పని తగ్గి గురువులు వారంలో మూడు రోజులు ఖాళీగా కూర్చున్నప్పుడూ పిల్లను బడి మానిపించలేదు. ఆనాటి నుంచి సన్యాసమ్మను ఆమె పేరుతో పిలవలేదు. సొంత అక్కను పిలిచినట్టు అప్పా అనే పిలిచింది. తోడబుట్టినవాళ్ళకు కూడా ఆ పిలుపు అంత నిండుగా రాదు.

*

కరెంటు ముప్ఫైఅయిదు సార్లు పెట్టాలన్నారు. యంత్రం కింద పడుకోబెట్టి చేసే వైద్యాన్ని గల్లీలో అందరూ కరెంటనే అనేవారు. ఆస్పత్రి సర్కారుదే గాని, సూదిమందులు, మాత్రలు, డబ్బాపాల లాంటి పొడులు బయట కొట్టులో కొనాలి. చీటీ తీసుకుని కొట్టుకు వెళ్ళిన ప్రతిసారీ గురువులు మొహం మాడిపోయి వచ్చేవాడు.

గల్లీ ఊరుకోలేదు. అప్పలకొండమ్మ పని ఖాయం కాని బదిలీ మనిషి. ఆమె బీటు ఎవరు ఊడిస్తే కూలి వాళ్ళకే. ఆరుగురు ఆడవాళ్ళు వంతు వేసుకున్నారు. తెల్లవారుజామున ఎవరి బీటు వాళ్ళు ముగించి, వంతు వచ్చినవాళ్ళు ఆమె రోడ్డు కూడా ఊడ్చి, ఆ కూలి తెచ్చి గురువులు చేతిలో పెట్టేవారు. అతను తల దించుకుని తీసుకునేవాడు. "మావా, తల ఎత్తు. నీకేటి ముష్టేత్తన్నామా?" అని సన్యాసమ్మ కసిరేది. వారంలో రెండు వంతులు తనకే వేసుకుంది. ఎవరూ అడ్డు చెప్పలేదు, ఆమెకు అడ్డు చెప్పడం గల్లీలో ఎవరికీ అలవాటు లేదు.

సాయంత్రం నాలుగింటికి సన్యాసమ్మ గంజి గిన్నె గుడ్డలో కట్టుకుని అప్పలకొండమ్మ ఇంటికి వెళ్ళేది. మొదటి వారం గంజి దిగింది. రెండో వారం దిగలేదు. ఏం పెట్టినా మట్టి తిన్నట్టుందని ఆ మనిషి గిన్నె పక్కకు తోసేసింది. చిక్కి సగమైపోయింది.

"మరేటి తింటావే? ఏది కావాలో నోరిప్పి అడుగు, ఎక్కడున్నా తెస్తాను."

అప్పలకొండమ్మ గుమ్మం వైపు చూసింది. కూతురు భానుమతి కుళాయి దగ్గరుంది. గొంతు తగ్గించి, "రెండు దమ్ములప్పా. రెండే" అంది.

ఆ కళ్ళలో ఆశ చూసి కాదనగలిగే గుండె సన్యాసమ్మకు లేదు. ఆ రోజునుంచి గంజి గిన్నె కట్టిన గుడ్డ ముడిలో చిన్న చుట్ట ముక్క కూడా వెళ్ళేది. కుళాయి వెనక గోడవార ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవారు. కాలిన చోట స్పర్శే లేదు, నిప్పు ఆనినా తెలిసేది కాదు. రెండు దమ్ములు పీల్చాక ఆ పాలిపోయిన మొహంలోకి కాస్త రంగు వచ్చేది. అప్పుడు నాలుగు చెంచాల గంజి తాగేది. మందులు చేయలేని పని తన చుట్ట చేస్తోందని సన్యాసమ్మ లోలోపల పొంగిపోయింది కూడా. ఎంత పిచ్చి ప్రేమో చూడండి.

పన్నెండు కరెంట్లు అయ్యాక డాక్టరు ఆపేశాడు.

నోరంతా పచ్చిపుండైంది. "ఇంత త్వరగా ఇంత పాడవకూడదు. కారం పెడుతున్నారా? వేడివేడివి పోస్తున్నారా?" అని అడిగాడు. లేదు లేదని సన్యాసమ్మ చెప్పింది. చెబుతుండగానే గంజి గుడ్డ ముడి గుర్తొచ్చింది. అతను ఇంకో పొడుగాటి చీటీ రాసి, పుండ్లు తగ్గగానే తీసుకురండి, రెండు వారాలు దాటితే పెట్టిన పన్నెండూ వృథా అవుతాయన్నాడు. ఆ మాటలు గురువులుకు తెలుగులో చెప్పేటప్పుడు ఆమె అతని మొహం చూడలేదు.

ఆ చీటీ కోసం భానుమతి చెవుల కమ్మలు వెళ్ళిపోయాయి. పద్నాలుగో ఏట తల్లి రెండేళ్ళు కూడబెట్టి చేయించిన కమ్మలు. పిల్ల వాటిని తీసి తండ్రి చేతిలో పెట్టి, చెవులకు చీపురుపుల్లలు పెట్టుకుంది. అప్పలకొండమ్మ ఆ చెవుల వంక చూసి గోడ వైపు తిరిగి పడుకుంది.

"ఇంక సాలు. నాను ఎల్లను" అంది. "నా నోటికోసం ఇల్లంతా ఊడ్సేత్తన్నారు. నాకు కరెంటూ ఒద్దు, మందూ ఒద్దు."

గురువులు బతిమాలాడు, గల్లీ అంతా వచ్చి చెప్పింది. ఆ మనిషి గోడ వైపు నుంచి ఇటు తిరగలేదు.

ఆ సాయంత్రం సన్యాసమ్మ అలవాటు కొద్దీ గంజి తెచ్చింది. గుడ్డ ముడిలో చుట్ట ముక్క ఉంది. డాక్టరు మాట విన్నాక కూడా ఎందుకు కట్టిందో ఆమెకే తెలియదు. ఈ ఒక్కరోజూ, దిగులుగా ఉంది కదా, అనుకుని ఉంటుంది. గిన్నె దించుకుందామని భానుమతి గుడ్డ విప్పింది. చుట్ట ముక్క నేల మీద పడింది.

పిల్ల దాన్ని చూసింది, సన్యాసమ్మను చూసింది. బెంగాలీ బడిలో తొమ్మిదో తరగతి దాకా చదివిన పిల్ల, విషయం ఎవరూ విప్పి చెప్పాల్సిన పని లేదు.

"రోజూ తెస్తన్నావా పెద్దమ్మా?"

సన్యాసమ్మ గుడ్డను మడత పెట్టసాగింది.

"నా కమ్మలు ఇందుకేనా అమ్మినాం?" అంది భానుమతి. అరవలేదు. అరిచి ఉంటే సన్యాసమ్మ తట్టుకునేది, తిరిగి రెండు అరిచేది. ఆ పిల్ల చుట్ట ముక్కను తీసి ఆమె అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసి, లోపలికి వెళ్ళిపోయింది.

*

ఆ తర్వాత పది రోజులు సన్యాసమ్మ ఆ గుమ్మం తొక్కలేదు. అప్పలకొండమ్మ బీటు వంతులన్నీ తనే లాక్కుని ఊడ్చింది. కూలి మాత్రం వేరేవాళ్ళతో పంపింది. చుట్ట మానేద్దామని పోలిరాజు ఇచ్చిన కట్ట కాలవలో పారేసింది, మర్నాడు పక్కింట్లో అడుక్కుంది. మూడో రోజు మళ్ళీ పారేసింది. ఇంత మొండిదాన్ని, ఒక్క ఆకుకు లొంగిపోయానే అని తన మీద తనకే రోత పుట్టింది. అసలు ఆనాడు చేపల మార్కెట్టు దగ్గర ఆ పిల్లను ఏడవనిచ్చి ఉంటే? పని పోయేది, మహా అయితే ఊరికి తిరిగి పోయేది. నోరన్నా మిగిలేది. చీపురు కదిలినంతసేపూ ఇదే ఆలోచన.

పదకొండో రోజు ఉదయం ఆరింటికి, భవానీపూర్‌లో ట్రాము పట్టాల పక్కన ఊడుస్తుంటే ఎవరో వచ్చి ఫుట్‌పాతు మీద కూర్చున్నారు. తల ఎత్తి చూస్తే అప్పలకొండమ్మ. ముసుగు కప్పుకుని, పుల్లలాంటి చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆయాసపడుతోంది. ఖిదిర్‌పూర్ నుంచి మొదటి బస్సెక్కి ఒంటరిగా వచ్చింది.

"నా బీటు బాగానే ఊడుత్తన్నావా అని సూద్దామనొచ్చినాను" అంది. నోరు పూర్తిగా మెదపలేక మాట ముద్దముద్దగా వచ్చింది.

సన్యాసమ్మ చేతిలో చీపురు జారిపోయింది. పెద్ద మనిషి, గల్లీని గడగడలాడించే మనిషి, నడిరోడ్డు మీద గొల్లుమంది. "నీ నోట్లో నిప్పెట్టింది నానేనే! ఆనాడూ నానే, మొన్నా నానే! నన్ను తిట్టవే, కొట్టవే, ఇలా ఊరుకోకే!"

అప్పలకొండమ్మ తిట్టలేదు. ఏడుస్తున్న ఆ నోటి వంకే తేరిపార చూసింది. లేచి దగ్గరకొచ్చి, గడ్డం పట్టుకుని, మొహం వెలుగు వైపు తిప్పింది.

"నోరు తెరూ."

"ఏటే?"

"తెరవమంటన్నాను గదా."

తెరిచింది. అంగిలి తెల్లగా పాలిపోయి ఉంది, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. అప్పలకొండమ్మకు ఆ తెలుపు తెలుసు, ఆ చుక్కలూ తెలుసు. రెండేళ్ళ కిందట అద్దంలో తన నోట్లో చూసుకుని, ఏదో వేడి చేసిందిలే అనుకుని ఊరుకున్నవి అవే. గడ్డం వదలలేదు, చాలాసేపు అలాగే పట్టుకుంది.

"ఎన్నాల్నించప్పా?"

"నొప్పేటీ లేదే."

"నాకూ లేదు."

ఇద్దరూ పట్టాల పక్కనే కూర్చున్నారు. ఒక ట్రాము ఖాళీగా వెళ్ళిపోయింది. ఎదురుగా టీ కొట్టువాడు ముందు అరువు చాయ్ ఇవ్వనన్నాడు, తర్వాత ఏమనుకున్నాడో రెండు మట్టి ముంతలు తెచ్చి ఇద్దరి ముందూ పెట్టాడు. అప్పలకొండమ్మ చాయ్ తాగలేదు, వెచ్చదనం కోసం ముంతను రెండు చేతులతో పట్టుకుంది.

"అమ్మాయి సెవులు సూసి ఒద్దన్నాను" అంది. "నువ్వు రాడం మానేసినాక ఇంకా ఒద్దనిపించింది. ఆ గదిలో ఒక్కదాన్నే తొంగోవాల, తలుపేసేత్తారు. బయట నువ్వున్నావంటే బయముండేది కాదు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఇప్పుడు సెప్తన్నాను ఇనుకో. నీ నోరు ఆ డాట్రుకి సూపించు. నువ్వు సూపిత్తే నాను కరెంటుకి ఎల్తాను. సూపించవా, ఇద్దరం కలిసే సచ్చిపోదాం."

"నాకేటైనాదే, నాను గుండ్రాయిలా..."

"అప్పా!"

ఇరవై రెండేళ్ళలో అప్పలకొండమ్మ ఆమె మీద గొంతు ఎత్తడం అదే మొదటిసారి. సన్యాసమ్మకు భయం వేసింది. తన నోటి గురించి కాదు, ఆ మాట నిజంగానే అంటోందని అర్థమై. చీపురు తీసుకుని టీ కొట్టువాడికి అప్పజెప్పింది. ఆస్పత్రి అక్కడికి పది నిమిషాల నడక, అప్పలకొండమ్మ నడకలో అరగంట.

*

కుర్ర డాక్టరు సన్యాసమ్మను చూసి పలకరింపుగా నవ్వాడు. "మాషీ, పేషెంటును తెచ్చావా?" అన్నాడు, పిన్నిని పిలిచే బెంగాలీ పిలుపుతో.

"ఇద్దరిని తెచ్చాను బాబూ" అంది సన్యాసమ్మ. అప్పుడు చెప్పడం మొదలుపెట్టింది. మొదటి రోజు చెప్పింది అబద్ధమని, మొన్న చెప్పింది కూడా అబద్ధమని, పోలిరాజు కట్టల సంగతి, కుళాయి వెనక గోడ సంగతి, గంజి గుడ్డ ముడి సంగతి, సిగ్గు పక్కనబెట్టి చెప్పేసింది. నిప్పు లోపల అంటే అతనికి అర్థం కాలేదు. బల్ల మీది పెన్సిలు తీసుకుని, కొస నోట్లో పెట్టుకుని చూపించింది. అతను కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

కోప్పడతాడనుకుంది. అతను కోప్పడలేదు, లైటు వేసి ఆమె నోరు చాలాసేపు చూశాడు. చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాలన్నాడు. తన కంటికైతే ఇంకా ముదరలేదనే అనిపిస్తోందని, ఇవాళ్టినుంచి చుట్ట ముట్టకపోతే బయటపడే వీలుందని చెప్పాడు. తర్వాత అప్పలకొండమ్మ నోరు చూశాడు. పది రోజులుగా పొగ లేదు కనక పుండ్లు మానుతున్నాయి. కరెంటు ఇవాళే మొదలుపెట్టొచ్చన్నాడు. సన్యాసమ్మ ఆ మాట తెలుగులో చెప్పబోయి చెప్పలేకపోయింది. చెప్పకపోయినా ఆమె మొహం చూసి అప్పలకొండమ్మకు తెలిసిపోయింది.

అతను కాగితం ముందు పెట్టుకుని రాసుకోవడం మొదలుపెట్టాడు. ఎన్నేళ్ళుగా? రోజుకెన్ని? గల్లీలో ఇంకా ఎంతమంది? అందరినీ తీసుకురా మాషీ, నేనే చూస్తానన్నాడు. సన్యాసమ్మ అన్నిటికీ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. అప్పుడు అతను పెన్ను ఆపి, అప్పలకొండమ్మ వైపు చూసి అడిగాడు.

"ఈమెకు ఇది ఎవరు నేర్పారు? తల్లా?"

ఆ ప్రశ్న వస్తుందని సన్యాసమ్మకు పొద్దున్నుంచీ తెలుసు. వచ్చేసరికి మాత్రం తల వంచుకుని కొంగు కొస వేలికి చుట్టుకుంది. అప్పలకొండమ్మకు ఆ మాత్రం బెంగాలీ వచ్చు. ఎండిన చేయి చాచి సన్యాసమ్మ మోకాలి మీద వేసింది.

"సెప్పప్పా. ఎవులూ నేర్పనేదని సెప్పు. ఇద్దరం ఒక్కనాడే మొదలెట్టినామని సెప్పు."

డాక్టరు జవాబు కోసం సన్యాసమ్మ మొహం చూస్తున్నాడు. మోకాలి మీద చేయి బరువే లేదు. సన్యాసమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నేనే నేర్పాను బాబూ" అంది బెంగాలీలో. "పని పోతుందని ఏడుస్తుంటే నా నోట్లోది తీసి పెట్టాను. అప్పటికి దీనికి పందొమ్మిదేళ్ళు."

డాక్టరు ఆమె వంక చూసి, తల వంచి రాసుకున్నాడు. అప్పలకొండమ్మ విసుగ్గా చేయి వెనక్కి తీసుకుంది.

"నిజం సెప్పాల్సిన కాడ అబద్దమాడతావు. అబద్దమాడమని బతిమాలితే నిజం సెప్తావు. నీతో ఎలాగప్పా నాకు?" అంది. అంటూనే నవ్వబోయింది. నోరు నొచ్చి సగంలో ఆపేసింది.

ఆ రోజుది పదమూడో కరెంటు. అప్పలకొండమ్మ గది గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఒకసారి వెనక్కి చూసి లోపలికి వెళ్ళింది. తలుపు వేశారు. సన్యాసమ్మ ఆ చెప్పులు తీసి ఒళ్ళో పెట్టుకుని, తలుపుకు ఎదురుగా బల్ల మీద కూర్చుంది.